జంట కార్బురేటర్లకు గాలి మీటరు: కొనొచ్చు, కానీ ముందు చెయ్యాల్సిన పని చాలా ఉంది

పాత స్పోర్ట్స్ కార్లలో ఇంజనుకి గాలీ పెట్రోలూ కలిపి ఇచ్చే రెండు కార్బురేటర్లనూ సమానం చెయ్యడానికి వాడే ముల్లు మీటరు మీద ఈ రివ్యూ. సింక్రోమీటర్ అని వెతికితే ఆన్‌లైన్‌లో దొరుకుతుంది. విజయనగరం, శ్రీకాకుళం స్పేర్ పార్ట్స్ షాపుల్లో అడిగి లాభం లేదు. గుప్పిట్లో పట్టేంత పరికరం. ముందు వైపు డయల్, వెనక కార్బురేటర్ నోటికి ఆనించే రబ్బరు మూతి ఉంటాయి. గంటకు ఎన్ని కిలోల గాలి లోపలికి పోతోందో 1 నుంచి 30 దాకా ఉన్న స్కేలు మీద ముల్లు చూపిస్తుంది. బ్యాటరీ లేదు, వైరు లేదు.

ఇక్కడ రాసిన కొలతలన్నీ ఎం.జి.బి. అనే పాత బ్రిటిష్ స్పోర్ట్స్ కారువి. 1798 సీసీ ఇంజను, ఒకటిన్నర అంగుళాల ఎస్.యు. కంపెనీ హెచ్.ఎస్.4 రకం కార్బురేటర్లు రెండు. వేరే కారైతే పద్ధతి ఇదే, అంకెలు ఆ కారు మాన్యువల్‌లో చూసుకోవాలి.

రేటింగ్ 5కి 4. చెప్పిన పని కచ్చితంగా చేస్తుంది. ఒక మార్కు ఎందుకు తగ్గించామంటే, అది ఏం చూడలేదో మీటరుతో వచ్చే కాగితంలో ఎక్కడా లేదు. అది తెలియకుండా వాడితే బాగున్న సెట్టింగు కూడా చెడుతుంది.

మన వైపు ఎం.జి.బి.లు వేళ్ళ మీద లెక్కపెట్టేన్ని కూడా ఉండవు కదా, మెకానిక్ ఎక్కడ దొరుకుతాడని అడుగుతారు. దొరుకుతాడు. అంబాసిడర్‌లో నడిచిన 1489 సీసీ పెట్రోలు ఇంజనూ, ఎం.జి.బి. ఇంజనూ ఒకే బి.ఎం.సి. కంపెనీ బి-సిరీస్ కుటుంబం. ట్యాపెట్లు, డిస్ట్రిబ్యూటర్, హెడ్డు అంతా అదే తరహా. పాత అంబాసిడర్ల మీద ఎస్.యు. విప్పిన పెద్ద మేస్త్రీ ఇంకా పనిలో ఉంటే సగం దిగులు తీరినట్టే. గాలిని బట్టి లేచే కార్బురేటర్ పిస్టన్ ఎందుకు లేస్తుంది, పెట్రోలు అందించే జెట్ ఎక్కడ ఉంటుంది, పిస్టన్ పైనుండే గిన్నె అయిన డాష్‌పాట్‌లో నూనె ఎందుకు పోస్తారు అన్నవి ఆయనకి చెప్పక్కర్లేదు. ఆయన చేతికి కొత్త సంగతి ఒక్కటే, రెండో కార్బురేటర్. ఆ రెండింటి మధ్య తేడాని అంకెలో చూపించేదే ఈ మీటరు.

ఇక మీటరు ఏం చూడలేదో చెప్పుకోవాలి. అది నోటి గుండా వెళ్ళే గాలినే కొలుస్తుంది. థ్రాటిల్ పలక తిరిగే కాడ, అంటే స్పిండిల్ అరిగి బుష్ వదులైతే గాలి ఆ సందులోంచి పోతుంది. కార్బురేటర్లనీ ఇంజనునీ కలిపే మానిఫోల్డ్ గాస్కెట్ కాలిపోతే అక్కణ్ణుంచి పోతుంది. ఇవేవీ నోటి దగ్గర కనబడవు. రెండు నోళ్ళ దగ్గరా ముల్లు ఒకే అంకె మీద నిలుస్తుంది, ఇంజను మాత్రం వణుకుతూనే ఉంటుంది. పెట్రోలు ఎక్కువైందా తక్కువైందా కూడా అది చెప్పదు. ఇగ్నిషన్ పాయింట్లు కాలిపోయినా, ఒక ట్యాపెట్ బిగుసుకున్నా దానికి పట్టదు. కార్బురేటర్ మీద వేసే నిందల్లో చాలావాటికి మూలం ఇగ్నిషన్‌లోనే ఉంటుంది.

అందుకే మీటరు పెట్టెలోనే ఉంచి ముందు మిగతావి సరిచెయ్యాలి. ఇంజను చల్లగా ఉన్నప్పుడు ట్యాపెట్ల సందు 0.015 అంగుళం. పాయింట్ల గ్యాప్ 0.014 నుంచి 0.016. ప్లగ్ గ్యాప్ 0.025. ఇగ్నిషన్ టైమింగ్ అంకె ఇంజను నంబరును బట్టి మారుతుంది కాబట్టి మాన్యువల్ చూసి స్ట్రోబ్ లైటుతో పెట్టండి. కంప్రెషన్ నాలుగు సిలిండర్లలోనూ దగ్గర దగ్గరగా ఉండాలి. ఒకటి బాగా తక్కువుంటే అక్కడితో ఆగి ముందు దాని సంగతి చూడాలి.

ప్లగ్గులు విప్పినప్పుడు వాటి రంగు గుర్తుపెట్టుకోండి. ఈ ఇంజనులో ముందు కార్బురేటర్ 1, 2 సిలిండర్లకి, వెనకది 3, 4 సిలిండర్లకి ఇస్తుంది. 1, 2 ప్లగ్గులు మాత్రమే నల్లగా మసిబారితే ముందు కార్బురేటర్ వైపు చూడాలి. నాలుగూ నల్లగా ఉంటే చోక్ పూర్తిగా వెనక్కి వెళ్ళడం లేదేమో, ఫ్యూయల్ పంపు ప్రెషర్ ఎక్కువేమో చూడాలి. ఒక్క ప్లగ్గే నల్లగా ఉంటే అది కార్బురేటర్ జబ్బు కాదు. ఆ సిలిండర్ ప్లగ్ వైరు, వాల్వ్, రింగులు చూడండి. రెండింటి మధ్య మానిఫోల్డ్‌లో బ్యాలెన్స్ పైపు ఉండటం వల్ల తేడా కొంత కప్పిపుచ్చుకుంటుంది. అందుకని ప్లగ్గు రంగులో కొద్దిపాటి తేడా కనబడినా తేలిగ్గా తీసుకోవద్దు.

గాలి లీకు పట్టుకోవడానికి ఐడ్లింగ్‌లో, అంటే యాక్సిలరేటర్ తొక్కకుండా ఇంజను నడుస్తున్నప్పుడు, స్పిండిల్ చివర్ల దగ్గరా, మానిఫోల్డ్ అతుకుల దగ్గరా కార్బ్ క్లీనర్ కొద్దికొద్దిగా కొట్టి ఇంజను వేగం మారుతుందేమో చూస్తారు. ఒక జాగ్రత్త మరిచిపోవద్దు. ఈ ఇంజనుకి కార్బురేటర్లూ ఎగ్జాస్ట్ మానిఫోల్డూ ఒకే పక్కన ఉంటాయి. స్ప్రే ఎక్కువైతే కాలే ఇనుము మీదే పడుతుంది. అగ్నిమాపక సిలిండర్ చేతికందే దూరంలో పెట్టుకోకుండా ఈ పని మొదలుపెట్టకండి. స్పిండిల్‌ని వేళ్ళతో పట్టి పైకీ కిందకీ ఊపితే ఆట, అంటే వదులు స్పష్టంగా తెలుస్తుంది. కొత్త స్పిండిల్ వేసినా ఆట పోకపోతే బాడీనే అరిగినట్టు. లేత్ షాపులో బోర్ చేయించి బుష్ వేయించాలి. రెండు చివర్లూ ఒకే వరసలో రాకపోతే థ్రాటిల్ పట్టేస్తుంది కాబట్టి, డ్రిల్లింగ్ మెషీన్ మీద కాకుండా లేత్ మీదే చెయ్యమని గట్టిగా చెప్పండి.

కార్బురేటర్ లోపల చూడాల్సినవి కొన్ని ఉన్నాయి. డాష్‌పాట్ మూత, పిస్టన్ జతగా తయారైనవి. కడిగేటప్పుడు ముందుదాని పిస్టన్ వెనకదాంట్లోకి పోకుండా రెండు వేరువేరు పళ్ళేల్లో పెట్టుకోవాలి. ఎమరీ పేపరు జోలికి అసలు పోవద్దు, థిన్నర్, మెత్తటి గుడ్డ చాలు. పిస్టన్ స్ప్రింగుల రంగు చూడండి. ఎం.జి.బి.కి ఎర్రవి, నాలుగున్నర ఔన్సులవి. ఒకదాంట్లో ఎరుపు, ఇంకోదాంట్లో నీలం ఉంటే ఐడ్లింగ్‌లో తేడా పెద్దగా తెలియకపోయినా యాక్సిలరేటర్ తొక్కిన కొద్దీ రెండూ రెండు దారులు పడతాయి. పిస్టన్ అడుగు నుంచి జెట్‌లోకి దిగే సూదులే నీడిళ్ళు. వాటి మీద చెక్కిన గుర్తు రెండింటి మీదా ఒకటే ఉండాలి, నీడిల్ భుజం పిస్టన్ అడుగుతో సమంగా ఉండాలి. పిస్టన్‌ని వేలితో ఎత్తి వదిలితే టక్కుమని చప్పుడుతో కింద తాకాలి. మెల్లగా, చప్పుడు లేకుండా దిగితే నీడిల్ జెట్‌కి రాసుకుంటోంది. అప్పుడు జెట్ కింద పెద్ద లాక్ నట్ వదులు చేసి, పిస్టన్‌ని కిందికి నొక్కి పట్టి, జెట్ దానంతటది మధ్యకి సర్దుకున్నాక మళ్ళీ బిగించాలి. స్ప్రింగుతో ఓ పక్కకి వాలి ఉండే నీడిళ్ళు వచ్చిన తర్వాతి మోడళ్ళకి ఈ పని అవసరం లేదు.

ఫ్లోట్ అంటే కార్బురేటర్ పక్క ఛాంబర్‌లో పెట్రోలు మట్టాన్ని నిలిపే తేలే ముక్క. దాని ఎత్తు కోసం ఛాంబర్ మూత తిరగేసి, ఫ్లోట్ లివర్‌కీ మూత అంచుకీ మధ్య డ్రిల్ బిట్ దూర్చి చూడాలి. 3 మి.మీ. కన్నా కొద్దిగా ఎక్కువ నుంచి 4.75 దాకా పరవాలేదు. రెండింటికీ ఒకే బిట్ సరిపోవడం ముఖ్యం. ఫ్యూయల్ పంపు 3 పి.ఎస్.ఐ. దాటి తోస్తే ఫ్లోట్ ఎంత బాగా పెట్టినా అది మూసే నీడిల్ వాల్వ్ పెట్రోలుని ఆపలేదు, ఓవర్‌ఫ్లో పైపులోంచి పెట్రోలు కారుతుంది. ఇక్కడి షాపుల్లో ఏదో ఒక కారుకి సరిపోయే ఎలక్ట్రిక్ పంపు తెచ్చి బిగించేస్తుంటారు. దానికి ప్రెషర్ రెగ్యులేటర్ లేకుండా నడపడం ప్రమాదం.

జెట్లు మొదట వంతెనతో, అంటే నోటి లోపల పిస్టన్ కింది గట్టుతో సమంగా పైకి తెచ్చి, అక్కణ్ణుంచి జెట్ కింది సర్దుబాటు నట్టుని రెండు చుట్లు, అంటే 12 ఫ్లాట్లు (నట్టుకున్న ఆరు పక్కల్లో ఒక్కోటీ ఒక ఫ్లాటు) కిందికి తిప్పితే మొదలుపెట్టడానికి సరిపోతుంది. డాష్‌పాట్‌లో ఎస్.ఏ.ఇ. 20 నూనె, బోలుగా ఉండే పిస్టన్ కాడ పైఅంచుకి ఓ అర అంగుళం పైదాకా. నూనె లేకపోతే యాక్సిలరేటర్ ఠక్కున తొక్కినప్పుడు ఇంజను ఉక్కిరిబిక్కిరవుతుంది. ఆ లక్షణాన్ని చూసి జెట్లు తిప్పి పెట్రోలు పెంచేవాళ్ళున్నారు. ముందు నూనె చూడండి.

ఇప్పుడు మీటరు బయటికి తియ్యొచ్చు.

ఇంజను పూర్తిగా వేడెక్కాలి. ఎయిర్ ఫిల్టర్లు విప్పాలి. రెండు థ్రాటిళ్ళని కలిపే రాడ్డు మీది క్లాంపులు వదులు చెయ్యాలి. చాలామంది తప్పేది ఇక్కడే. క్లాంపు బిగిసి ఉండగా ఒక స్క్రూ తిప్పితే రెండోదీ కదులుతుంది, ముల్లు చూపించేది ఏదీ నమ్మడానికి ఉండదు. జెట్లని కలిపే చోక్ లింకు కూడా వదిలెయ్యాలి. ఐడ్లింగ్ 800 నుంచి 850 ఆర్.పి.ఎం. మధ్య పెట్టుకుని, మీటరు మూతిని ముందు కార్బురేటర్ నోటికి నిండుగా ఆనించండి. ముల్లు రెండు మూడు సెకన్లలో నిలుస్తుంది. చదివి వెంటనే తీసెయ్యాలి. ఎక్కువసేపు పెట్టి ఉంచితే మీటరే గాలికి కొంత అడ్డమై ఇంజను వేగం పడిపోతుంది, ఆ తర్వాత చదివే అంకెకి విలువ లేదు. రెండోదానికీ అదే కోణంలో పట్టుకోండి. అంకె 5 వచ్చిందా 6 వచ్చిందా అన్నది కాదు, రెండింటి మధ్య తేడా ఎంతన్నదే ముఖ్యం. ఎక్కువ ఉన్నదాని థ్రాటిల్ స్టాప్ స్క్రూ కొద్దిగా వదులు చేసి, తక్కువ ఉన్నదానిది కొద్దిగా బిగించి, వేగం మారకుండా రెండూ కలిసేదాకా తేవాలి. మధ్యమధ్యలో యాక్సిలరేటర్ ఒకసారి ఎగదోసి వదిలి మళ్ళీ చదవండి. అంకె ముందున్న చోటికే రాకపోతే రిటర్న్ స్ప్రింగు నీరసించింది, లేదా స్పిండిల్ ఎక్కడో పట్టేస్తోంది.

రెండు స్క్రూలూ పూర్తిగా వదిలేసినా ఐడ్లింగ్ 1000 పైనే ఉండి, మీటరు మాత్రం చాలా తక్కువ చూపిస్తుంటే దాని అర్థం తేలిక. గాలి నోటి గుండా కాక వేరే దారిలో వెళ్తోంది. మానిఫోల్డ్ గాస్కెట్ గానీ, స్పిండిల్ గానీ, బ్రేక్ బూస్టర్ గొట్టం గానీ కారణం. గంటల తరబడి వెతికే లీకుని ఈ ఒక్క లెక్కతో నిర్ధారించుకోవచ్చు. ఇక స్క్రూ వదిలేసినా ఒక కార్బురేటర్ దగ్గర మాత్రం ముల్లు దిగకపోతే, థ్రాటిల్ పలకలో చిన్న స్ప్రింగు వాల్వ్ ఉందేమో చూడండి. తర్వాతి హెచ్.ఎస్.4లలో కొన్నింటికి అది ఉంటుంది. స్ప్రింగు బలహీనపడితే ఎప్పుడూ కాస్త తెరుచుకునే ఉంటుంది. వాల్వ్ లేని పలక వేసుకోవడమే మంచిది.

ఐడ్లింగ్ కుదిరాక లింకు బిగించేటప్పుడు, లివర్ పిన్నుకీ ఫోర్కు కింది అంచుకీ మధ్య 0.012 అంగుళం సందు రెండు వైపులా ఉండాలి. ఫీలర్ గేజ్ లేకుండా కంటి అంచనాతో బిగిస్తే ఒకటి ముందు తెరుచుకుని ఇంకోటి వెనకబడుతుంది. కారు మెల్లగా కదిలేటప్పుడు కుదుపు వస్తుంది. విజయనగరం గంటస్తంభం దగ్గర ట్రాఫిక్‌లో ఫస్ట్ గేర్‌లో పాకించేటప్పుడు ఈ కుదుపే విసిగిస్తుంది. బిగించాక ఇంజనుని 1500 దగ్గర నిలిపి రెండు నోళ్ళనీ మళ్ళీ కొలవండి. ఐడ్లింగ్‌లో సమానం, 1500 దగ్గర తేడా అంటే లింకుదే తప్పు, స్టాప్ స్క్రూలు ముట్టుకోవద్దు. చెవికి రబ్బరు గొట్టం పెట్టుకుని బుసని పోల్చి చూసే మేస్త్రీలు ఐడ్లింగ్‌ని మీటరుకి దీటుగా పెట్టగలరు. 1500 దగ్గర మాత్రం ఇంజను హోరులో ఆ తేడా పట్టడం ఎంత పనితనం ఉన్నవాళ్ళకైనా కష్టం. ఈ పరికరానికి పెట్టిన డబ్బు అక్కడ వసూలవుతుంది.

పెట్రోలు వాటా సరిచెయ్యడం మీటరు పని కాదని ముందే చెప్పాం. దానికి కార్బురేటర్ పక్కనున్న లిఫ్ట్ పిన్ చాలు. పిస్టన్‌ని ఒక మి.మీ. కన్నా తక్కువే ఎత్తాలి. వేగం పెరిగి అలాగే ఉండిపోతే పెట్రోలు ఎక్కువ, నట్టు పైకి. వెంటనే పడిపోయి ఆగిపోబోతే తక్కువ, నట్టు కిందికి. కొద్దిగా పెరిగి మళ్ళీ సర్దుకుంటే సరిగ్గా ఉన్నట్టు. ఒక్కో ఫ్లాటు చొప్పునే తిప్పండి, తిప్పినప్పుడల్లా రెండో కార్బురేటర్‌ని కూడా మళ్ళీ పరీక్షించండి. పెట్రోలు మారితే వేగం మారుతుంది, వేగం మారితే గాలి సమానం తప్పుతుంది. కాబట్టి ఆఖర్న మీటరు ఇంకోసారి పెట్టాల్సిందే.

బంకుల్లో ఇప్పుడు వస్తున్న ఈ20, అంటే 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు ఈ లెక్కని మార్చేసింది. ఇథనాల్‌లో ఆక్సిజన్ ఉంటుంది కాబట్టి అంతే గాలికి ఇంకాస్త ఎక్కువ ఇంధనం కావాలి. పాత పెట్రోలుకి పెట్టిన జెట్టు ఈ20తో లీన్ అవుతుంది, అంటే ఇంధనం చాలదు. ఐడ్లింగ్ ఎగుడుదిగుడుగా ఉండటం, యాక్సిలరేటర్ వదిలినప్పుడు సైలెన్సర్‌లో టపటపలు దాని గుర్తులు. సాధారణంగా ఒకటి రెండు ఫ్లాట్లు కిందికి దించితే ఐడ్లింగ్ కుదురుతుంది. హైవే మీద పూర్తిగా తొక్కినప్పుడు కూడా ప్లగ్గులు తెల్లబడుతుంటే అప్పుడు నీడిల్ మార్చాలి. 5 నంబరు నీడిల్ ఉన్నవాటికి రిచ్ నీడిల్, అంటే పెట్రోలు ఎక్కువిచ్చేది 6. ఇథనాల్ పాత రబ్బరు గొట్టాలని మెత్తబరిచి పొట్టు రాలుస్తుంది, ఆ పొట్టు ఫ్లోట్ నీడిల్ వాల్వ్ కింద ఇరుక్కుని ఓవర్‌ఫ్లో అవుతుంది. గొట్టాలు ఇథనాల్‌కి తట్టుకునే రకమే కొనండి. ఫ్లోట్ ఛాంబర్ నుంచి జెట్‌కి వెళ్ళే సన్న నైలాన్ పైపు మొదట్లో ఉండే రబ్బరు బిరడా కూడా మార్చాలి. జెట్లు కొనేటప్పుడు ముందుదీ వెనకదీ ఒకటే కాదని గుర్తుంచుకోండి.

ఇథనాల్ గాలిలో తేమని కూడా పీల్చుకుంటుంది. కళింగపట్నం, భావనపాడు లాంటి తీరం ఊళ్ళలో వారాల తరబడి కారు కదలకుండా ఉంటే ఫ్లోట్ ఛాంబర్ అడుగున నీళ్ళు దిగుతాయి. నిలబెట్టేముందు పంపు వైరు పీకి, ఛాంబర్లు ఖాళీ అయ్యేదాకా ఇంజను నడిపి ఆపెయ్యడం మంచి అలవాటు. ఉప్పు గాలికి స్పిండిల్ లివర్లు, లింకు పిన్నులు తుప్పు పడతాయి. చుక్క నూనె అక్కడికి కూడా చేరాలి. పిస్టన్ పక్కలకి మాత్రం నూనె రాయొద్దు, దుమ్ము పట్టి అంటుకుంటుంది.

మేలో ఎండకి ఇంకో తంటా. ఆపిన పావుగంటకి మళ్ళీ స్టార్ట్ చేస్తే పట్టదు. ఎగ్జాస్ట్ వేడికి ఫ్లోట్ ఛాంబర్‌లో పెట్రోలు మరుగుతుంది. దీన్ని మీటరుతో గానీ జెట్టుతో గానీ సరిచెయ్యబోవద్దు. కార్బురేటర్ల వెనక ఉండే హీట్ షీల్డు, దాని మీది పూత, మందపాటి స్పేసర్లు సరిగ్గా ఉన్నాయో లేదో చూస్తే చాలు.

గాజు గొట్టంలో చిన్న గుండు తేలే పాత రకం పరికరం చవక. దాన్ని నోటికి పెడితే ఐడ్లింగ్‌లో ఇంజను ఊపిరి బిగబట్టినట్టవుతుంది, గుండు ఆడుతూనే ఉంటుంది. పెద్ద ఇంజనులకి నడుస్తుందేమో గానీ ఎం.జి.బి.కి ముల్లు మీటరే మేలు. లోపలి మంట కనిపించే గాజు ప్లగ్గు డబ్బుంటే తోడుగా కొనుక్కోవచ్చు. నీలం మంట సరైనది, పసుపు అయితే పెట్రోలు ఎక్కువ. ఎండ వెలుతురులో రంగు తెలియదు, సాయంత్రం షెడ్డులో చూడాలి.

రోడ్డు పరీక్షకి ఎచ్చెర్ల వైపు ఎన్.హెచ్.16 మీద సమంగా ఓ పది నిమిషాలు నడిపి, క్లచ్ తొక్కి ఇంజను ఆపి పక్కకి తీసి ప్లగ్గులు చూడండి. తాళం చెవిని ఆఫ్ దాటి తిప్పితే కొన్ని మోడళ్ళలో స్టీరింగ్ లాక్ పడుతుంది, జాగ్రత్త. శృంగవరపుకోట మీదుగా అనంతగిరి ఘాట్ ఎక్కితే పైన గాలి పలచబడి పెట్రోలు వాటా ఎక్కువవుతుంది. అరకులో ఐడ్లింగ్ బరువుగా అనిపించిందని అక్కడ నట్లు తిప్పకండి. కిందికి దిగాక లీన్‌గా నడిచి వాల్వులు వేడెక్కుతాయి.

అంతా కుదిరి, ఫిల్టర్లు బిగించాక పికప్ ఒక్కసారిగా పడిపోయిందంటే మళ్ళీ మొదటికి వెళ్ళక్కర్లేదు. కార్బురేటర్ నోటి అంచు మీద రెండు సన్నని రంధ్రాలుంటాయి, పిస్టన్ అడుగుకి గాలి అందేది వాటిలోంచే. ఫిల్టర్ గాస్కెట్ తలకిందులుగా పెడితే అవి మూసుకుపోయి పిస్టన్ పూర్తిగా లేవదు. గాస్కెట్ తిప్పి, దాని రంధ్రాలు ఫిల్టర్ డబ్బా రంధ్రాలతోనూ కార్బురేటర్ రంధ్రాలతోనూ కలిసేలా పెట్టి బిగించండి.